ఏనుగును అమ్మి అంకుశం మీ దగ్గరే పెట్టుకున్నారు

ఎలక్ట్రిక్ కార్గో బండ్లు తయారుచేసే కంపెనీల యాజమాన్యాలకు, సర్వీసు విభాగాల పెద్దలకు,

నమస్కారం.

నేను విజయవాడ సింగ్‌నగర్‌లో పాల ప్యాకెట్లు వేస్తాను. తెల్లవారుజామున మూడున్నరకి పైపులరోడ్డు పక్కన వ్యాను ట్రేలు దించి వెళ్లిపోతుంది. ట్రేకి అర లీటరు ప్యాకెట్లు ఇరవై నాలుగు. వెనక క్యారియర్ మీద ఆరు, ముందు కాళ్ల దగ్గర రెండు, మొత్తం ఎనిమిది ట్రేలు కట్టుకుని మొదటి ట్రిప్పు పాయకాపురం, ప్రకాశ్‌నగర్ తిరుగుతాను. రెండో ట్రిప్పు ఫ్లైఓవర్ దాటి సత్యనారాయణపురం టీ కొట్లకి. ఆరున్నరకల్లా ఆఖరి ప్యాకెట్ గేటుకి తగిలించిన సంచిలో పడాలి. పడకపోతే ఆ ఇంట్లో కాఫీ ఆగుతుంది, మర్నాటి నుంచి ఆ ఇల్లు వేరే ఏజెంటుది.

2022 దాకా ఈ పనంతా టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్ మీద చేశాను. 2023 జనవరిలో మీలో ఒకరి కరెంటు బండి కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. పేచీ ఒక్కరితో అయితే వాళ్ల ఆఫీసుకే వెళ్లి కూర్చునేదాన్ని. మా పాయింటు దగ్గర నాలుగు రకాల కరెంటు బండ్లున్నాయి, నాలుగింటిదీ ఒకటే గోల. అందుకే మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

బండిని తిట్టడానికి రాయడం లేదు, అది ముందే చెప్పేస్తాను. రోజుకి నలభై కిలోమీటర్లు తిరుగుతాను. లోడుతో ఎక్సెల్‌కి లీటరు పెట్రోలు దాకా పోయేది, అంటే దాదాపు నూట పది రూపాయలు. ఇప్పుడు రెండు యూనిట్ల కరెంటు. ఇంటి బిల్లు శ్లాబు మారిందని మా ఆయన సణుగుతారు గానీ, ఎలా లెక్కేసినా రోజుకి ఇరవై రూపాయలు దాటదు. మిగిలిన డబ్బుతోనే బండి కిస్తీ కట్టాను. ఆయిలు మార్చే పని లేదు, ప్లగ్గు లేదు, కార్బొరేటర్ లేదు. చీకట్లో చప్పుడు చెయ్యకుండా పోతుంది. ఎంత చప్పుడు చెయ్యదంటే, ఎక్సెల్ శబ్దానికి అలవాటుపడ్డ వీధి కుక్కలు మొదటి నెలంతా నన్ను దొంగ అనుకున్నాయి. ఇప్పటికి ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. మళ్లీ పెట్రోలు బండి కొనమంటే కొనను.

నా గొడవంతా అది ఆగిపోయిన రోజు గురించి.

ఎక్సెల్ కూడా ఆగేది. మీ బండి కంటే ఎక్కువసార్లే ఆగేది. ఆగితే రోడ్డు పక్కన పెట్టి ప్లగ్గు విప్పి, నలుపు గీకి, తుడిచి బిగించేదాన్ని. క్లచ్ షూ అరిగిన వాసన నాకు తెలుసు. నాకు బండి పని ఎవరూ నేర్పలేదు, ఆగిపోయి ఆగిపోయి ఆ బండే నేర్పింది. నా వల్ల కాకపోతే మా సందు చివర మెకానిక్ ఉన్నాడు. ఆరింటికే షాపు తీస్తాడు, డబ్బులు నెలాఖరుకి ఇచ్చినా ఊరుకుంటాడు.

కరెంటు బండి మొదటిసారి ఆగింది 2023 జూలైలో. రాత్రంతా వాన. నాలుగుంబావుకి ఫ్లైఓవర్ సగం ఎక్కాక చక్రం నిలిచిపోయింది. మీటరు మీద ఎర్రగా 07 అని వచ్చింది. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, యాక్సిలరేటర్ తిప్పితే మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు. తాళం తీసి పెట్టాను, మళ్లీ తీసి పెట్టాను. 07. సీటు కింద ప్లాస్టిక్ కవర్లో మీరిచ్చిన పుస్తకం ఉంది. ఫోను లైటు వేసుకుని వెతికితే ఒకే ఒక్క వాక్యం దొరికింది, ఎర్రర్ కనిపిస్తే సమీప సర్వీసు సెంటరును సంప్రదించండి అని. ఆ సమీప సర్వీసు సెంటరు ఊరికి అటు చివర ఉంది, తెరిచేది పదింటికి.

మా మరిది ఎక్సెల్ తెచ్చి ట్రేలు మార్చుకునేసరికి ఐదున్నర దాటింది. సత్యనారాయణపురంలో మూడు టీ కొట్లు ఆ పూట వేరేచోట పాలు తెచ్చుకున్నాయి. అందులో ఒకటి ఈనాటికీ తిరిగి నా దగ్గరకి రాలేదు.

సర్వీసు సెంటర్లో కుర్రాడు లాప్‌టాప్ తగిలించి రెండు నిమిషాల్లో తేల్చాడు. ఎడమ బ్రేకు లివరు లోపల వేలిగోరంత స్విచ్చు ఉంటుందట. బ్రేకు పట్టగానే మోటారుకి కరెంటు ఆపడం దాని పని. వాన నీళ్లు దిగి అది అతుక్కుపోయింది. అంటే నేను లబోదిబోమంటూ యాక్సిలరేటర్ తిప్పుతున్నంతసేపూ, బండి లెక్కలో నేను బ్రేకు పట్టుకునే ఉన్నాను. అతను స్ప్రే కొట్టి, లివర్ని నాలుగుసార్లు టకటకలాడించాడు. 07 పోయింది. మూడు వందల యాభై కట్టాను.

07 అంటే బ్రేకు స్విచ్చు అని ఆ పుస్తకంలో ఒక్క ముక్క ఉంటే ఆ లివర్ని ఫ్లైఓవర్ మీద నేనే టకటకలాడించేదాన్ని కదా! మిగతా అంకెలకి అర్థాలేమిటి బాబూ అని అడిగితే, "అది బయటకి ఇవ్వకూడదు మేడం" అన్నాడు. పాపం, అతని తప్పేం లేదు. కానీ ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడాడని సామెత చెబుతాం గదా, ఇక్కడ అది తిరగబడింది. కొన్నవాళ్లం అంకుశానికి కూడా డబ్బిస్తామంటున్నాం, అమ్మినవాళ్లే అది తమ దగ్గర పెట్టుకున్నారు.

ఇక వరద సంగతి. మా ఊరి బయట ఉన్నవాళ్లకి బుడమేరు వాగు అంటే పేపర్లో చదివిన పేరు. మాకు అది 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. పొద్దున వీధిలో మడమల దాకా ఉన్న నీళ్లు చూస్తుండగానే మోకాళ్లకి, తర్వాత నడుముకి వచ్చాయి. మా బండి బ్యాటరీ ఊడదీసేది, ఇరవై కిలోలు ఉంటుంది. నేనూ మా ఆయనా దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మేడ మీద ఓనరుగారి వరండాలో పెట్టాం. టీవీ పోయింది, బియ్యం పోయాయి, బ్యాటరీ మాత్రం తడవలేదు. బండిని ఎత్తడం ఎవరి తరం? గేటుకి గొలుసుతో కట్టేసి వదిలేశాం. నీళ్లు తీసేసరికి వారం పైనే పట్టింది.

మీ బోర్డుల మీద ఐపీ67 అని రాస్తారు. దానికి అర్థం అప్పుడే తెలుసుకున్నాను. దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా నీరు దిగదు. మంచిదే. కానీ అరగంటలో వెళ్లిపోతానని బుడమేరు మాకు మాటివ్వలేదు.

సర్వీసు సెంటర్లో చూడకుండానే చెప్పేశారు. వరదలో మునిగిన బండికి వారంటీ రాదు. సరే, ఒప్పుకున్నాను, అది మీ తప్పూ కాదు నా తప్పూ కాదు. మోటారు కొత్తది 21 వేలు, బ్యాటరీ నుంచి మోటారుకి ఎంత కరెంటు పోవాలో చూసే డబ్బా, అంటే కంట్రోలరు 14,600, వైరింగు వేరే. మోటారు విప్పి చూడరా అంటే, విప్పడం ఉండదు మేడం, మార్చడమే అన్నారు.

బండిని తోసుకుంటూ మా సందు మెకానిక్ దగ్గరకి తెచ్చాను. అతని షాపు కూడా మునిగింది, పానాలు ఎండలో ఆరబెట్టుకుంటున్నాడు. కరెంటు మోటారు అంతకుముందు ఎప్పుడూ విప్పలేదు. "చూద్దాం అక్కా, మహా అయితే పాడవుతుంది, ఇప్పటికే పాడైందిగా" అన్నాడు. వెనక చక్రం ఊడదీసి పక్క ప్లేటు బోల్టులు విప్పాడు. ప్లేటు ఒక పట్టాన రాలేదు, లోపల అయస్కాంతాలు అంత గట్టిగా పట్టుకుంటాయి. ఇద్దరు రెండు వైపులా లాగితే ఊడి, కాఫీ డికాక్షన్ రంగు నీళ్లు గ్లాసుడు కింద పడ్డాయి. అంచు చుట్టూ అయస్కాంతం ముక్కలు పలువరసలా ఉన్నాయి, వాటి మీద తుప్పు. రాగి చుట్టలు మాత్రం చెక్కుచెదరలేదు. పంపు మోటార్లకి వైండింగ్ చేసే షాపుకి తీసుకెళ్లి చూపించాడు. వాళ్లు కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టి, వార్నిష్ పట్టించి ఇచ్చారు. బేరింగులు రెండూ మార్చాం. చక్రం ఎక్కడ ఉందో కంట్రోలరుకి చెప్పే మూడు కాళ్ల సెన్సార్లు మూడు ఉంటాయి, అందులో ఒకటి పోయింది. గవర్నర్‌పేటలో ఎలక్ట్రానిక్స్ షాపులో ముప్పై రూపాయలకి దొరికింది. ఒకటి పోతే మిగతావీ పోతాయని మూడూ మార్చాడు. అతని కూలీతో సహా మొత్తం 2,300 అయింది. 21 వేల మోటారు 2,300కి లేచి కూర్చుంది. ఈ రోజుకీ అదే మోటారు నడుస్తోంది.

మరి కంట్రోలరు? అది నిజంగానే పోయింది. అలాంటిదే బయట మార్కెట్లో మూడున్నర వేలకి దొరుకుతుంది. తెచ్చి తగిలించాడు. మోటారుకి వేరే బ్యాటరీతో కరెంటిస్తే చక్రం గిర్రున తిరిగింది. నా బ్యాటరీ పెట్టగానే మళ్లీ నిశ్శబ్దం. ఎందుకంటే మీ బ్యాటరీ లోపలి బోర్డు మీ కంట్రోలరుతోనే మాట్లాడుతుంది. కొత్త మొహం కనిపిస్తే తలుపు తియ్యదు. మీ కంట్రోలరే కొన్నా సరే, మీ మనిషి లాప్‌టాప్ తెచ్చి రెండింటికీ పరిచయం చేస్తేగానీ కలవవు.

సరే, 14,600 కట్టి మీ కంట్రోలరుకే ఆర్డరిచ్చాను. అది రావడానికి 47 రోజులు పట్టింది. 47 రోజులు పాడవని మోటారు, తడవని బ్యాటరీ ఇంట్లో పెట్టుకుని, రోజుకి రెండు వందలకి ఎక్సెల్ అద్దెకి తెచ్చి పాలు వేశాను. 9,400 అద్దెకే పోయాయి, పెట్రోలు వేరే. చివరికి ఆ డబ్బా వచ్చింది. మీ కుర్రాడు వచ్చి ఐదు నిమిషాలు లాప్‌టాప్‌లో ఏదో నొక్కాడు. పెయిరింగ్ ఛార్జీ వెయ్యి, జీఎస్టీతో 1,180. వరదలో ఇల్లు మునిగిన మనిషి దగ్గర పరిచయం చేసినందుకు తీసుకున్న డబ్బు అది. పెళ్లిళ్ల పేరయ్య కూడా అలాంటప్పుడు కాస్త తగ్గించుకుంటాడు.

ఇది దొంగతనాలు ఆపడానికి అని మీరంటారు. ఒప్పుకుంటాను. బ్యాటరీ ఒక్కటే బండి ధరలో సగం, దొంగ దాన్ని ఎత్తుకెళ్లి ఇంకో బండికి పెట్టుకోకుండా ఆ తాళం ఉండాల్సిందే. కానీ తాళం నా ఇంటికి వేసి తాళంచెవి మీ జేబులో పెట్టుకుంటే ఎలా? ఆర్సీ నా పేరున ఉంది, కిస్తీలు నేను కట్టాను. ఆర్సీ చూపించి, ఫోనుకి ఓటీపీ తెప్పించుకుని నేనే ఆ పరిచయం చేసుకునే దారి పెట్టండి. గ్యాస్ సిలిండర్‌కి ఓటీపీ చెబుతున్నాం, దీనికి చెప్పలేమా?

రెండో మాట కూడా అంటారు, ప్రమాదం అని. ఆ మాట నేను తేలిగ్గా తీసుకోను. 2022 ఏప్రిల్‌లో మా విజయవాడలోనే ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బండి బ్యాటరీ పేలి ఒక మనిషి చనిపోయాడు. నేను బండి కొంటానన్నప్పుడు మా అత్తగారు ఆ సంగతే చెప్పి వద్దన్నారు. అలాంటి ప్రమాదాలు వరసగా జరిగాకే బ్యాటరీ భద్రతకి పెట్టిన ఏఐఎస్-156 ప్రమాణాల్ని బిగించి, 2022 డిసెంబర్ నుంచి కొన్ని, 2023 మార్చి ఆఖరు నుంచి మిగతావి అమల్లోకి తెచ్చారు. మంచి పని. బ్యాటరీ డబ్బా మూత విప్పి సెల్లులు మార్చే పని సందు మెకానిక్ చెయ్యాలని నేను అనడం లేదు. మా మెకానిక్కే అనడు. "దాని జోలికి నేను పోను అక్కా, అది పాముల బుట్ట" అంటాడు. కానీ బ్రేకు స్విచ్చు పాము కాదు గదా. బేరింగు, సెన్సారు, వైరు, కనెక్టరు, లైట్లకి పన్నెండు వోల్టులిచ్చే కన్వర్టరు, వీటిలో ఏది పేలుతుంది? బ్యాటరీ పేరు చెప్పి బండి మొత్తానికి సీలు వేస్తున్నారు.

అసలు ప్రమాదం ఎక్కడుందో చెప్పనా? పోయిన మే నెలలో ఛార్జింగ్ అయ్యాక పిన్ను పీకబోతే చెయ్యి చురుక్కుమంది. చూస్తే కనెక్టరు ప్లాస్టిక్ ఒక మూల గోధుమరంగుకి తిరిగి కాస్త కరిగి ఉంది. రోజూ పెట్టీ తీసీ లోపల రేకు వదులైంది, వదులు దగ్గర వేడి పుట్టింది. ఛార్జరు ఫ్యానులో దుమ్ము జడకట్టి ఉంది. ఇది మీ మీటరులో ఏ అంకెగానూ రాలేదు, పట్టుకున్నది నా చెయ్యి. మెకానిక్ కనెక్టరు కోసి కొత్తది వేశాడు, ఫ్యాను విప్పి బ్రష్షుతో దులిపాడు. నూట ఎనభై రూపాయలు. దాంతో అనధికార వ్యక్తులు ముట్టుకున్నారని నా వారంటీ ప్రమాదంలో పడిందట! కరిగిన కనెక్టరుతో ఇంకో నాలుగు రోజులు ఛార్జింగ్ పెట్టి మీ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడటం సురక్షితమా? మా పిల్లలు ఆ పక్క గదిలోనే పడుకుంటారు.

బండి చూసుకోవడం మాకు రాదని అనుకోకండి. ఎండలో తిరిగొచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టను, బ్యాటరీని నీడలో అరగంట చల్లారనిస్తాను. సున్నా దాకా దింపను. వెనక టైరులో గాలి వారానికి రెండుసార్లు చూస్తాను, ఎనిమిది ట్రేల లోడు మీద గాలి తగ్గితే పది కిలోమీటర్ల మైలేజీ హుష్‌కాకి. వెనక బ్రేకు షూలు మీ పుస్తకంలో రాసినదానికంటే ముందే అరుగుతాయి, ఎందుకంటే మీరు ఖాళీ బండికి లెక్క రాశారు. కొన్నది కార్గో బండి, ఖాళీగా ఎవరు తిప్పుతారు?

ఇప్పుడు నాకు తొందరగా తేలాల్సింది బ్యాటరీ ఆరోగ్యం. వచ్చే జనవరికి మూడేళ్ల వారంటీ అయిపోతుంది. బలం 70 శాతం కంటే తగ్గితే మారుస్తామని కాగితం మీద ఉంది. ఎంత ఉందో చూసేది ఎవరు? మీ లాప్‌టాప్. నా దగ్గర ఏడువందల రూపాయల ప్లగ్గు మీటరు ఉంది, సాకెట్‌కి పెట్టి అందులో ఛార్జరు గుచ్చితే ఎన్ని యూనిట్లు లాగిందో చూపిస్తుంది. 2023లో పూర్తిగా దిగిన బ్యాటరీ నిండటానికి 3.2 యూనిట్లు లాగేది, పోయిన వారం 2.3 లాగింది. మొదట్లో లోడుతో 68 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 49 దాటితే గొప్ప. రెండు లెక్కలూ 72 శాతం దగ్గరే తేలుతున్నాయి. మీ లాప్‌టాప్ 84 అంటోంది. ఆ స్క్రీను నావైపు తిప్పమంటే తిప్పలేదు. నా లెక్క తప్పు కావచ్చు, పదో తరగతి లెక్క అది. కానీ పరీక్ష రాసింది మీ బ్యాటరీ, పేపరు దిద్దింది మీరు, మార్కులు చెప్పేదీ మీరే. జవాబు పత్రం కనీసం చూపించండి.

ఇంకో సంగతి. నేను కొన్నప్పుడు కరెంటు బండ్ల కోసం కేంద్రం తెచ్చిన ఫేమ్-2 పథకంలో బ్యాటరీ పట్టే ఒక్కో కిలోవాట్ అవర్‌కి (అంటే ఒక యూనిట్‌కి) 15 వేల చొప్పున నా 2.88 యూనిట్ల బ్యాటరీకి 43,200 రూపాయల సబ్సిడీ బిల్లులో తగ్గింది. నా పేరున వచ్చినా ఆ డబ్బు మీ ఖాతాకే చేరింది. ఆ పథకం 2024 మార్చితో ముగిసింది, అక్టోబర్ నుంచి 10,900 కోట్లతో పీఎం ఈ-డ్రైవ్ అనే పథకం వచ్చింది. ఎక్సెల్ నడిపేవాళ్లు పెట్రోలు మీద కట్టిన పన్ను కూడా ఆ కోట్లలో ఎక్కడో ఉంటుంది. జనం సొమ్ము తీసుకునేటప్పుడు లేని రహస్యం 07కి అర్థం చెప్పేటప్పుడు ఎందుకు?

సంగతులు తెలియక అడుగుతున్నాననుకోకండి. 2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్, అంటే కొన్నదాన్ని బాగుచేయించుకునే హక్కు పేరున ఒక పోర్టల్ తెరిచింది, అందులో చేర్చిన నాలుగు రంగాల్లో ఆటోమొబైల్ ఒకటి. మీ ఎర్రర్ అంకెల పట్టిక అక్కడ పెట్టండి, తెలుగులో పెట్టండి. హిందీ, ఇంగ్లీషు పుస్తకం ఇచ్చి సింగ్‌నగర్‌లో బండ్లు అమ్ముకుంటున్నారు మరి. విడిభాగాల ధరలు కూడా అక్కడే రాయండి, ఏది ఎన్ని రోజుల్లో వస్తుందో సహా. బ్యాటరీ బలం ఎంతో నా మీటరు మీదే కనబడేలా చెయ్యండి, అది ఒక అప్‌డేట్‌తో అయ్యే పని అని మీ కుర్రాడే అన్నాడు. అలాగే 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీ వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసినవాళ్లదే. నాది అయిపోయాక ఎక్కడ ఇవ్వాలి, ఎంతిస్తారు అంటే షోరూములో ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. గోడ మీద ఒక బోర్డు రాయించడానికి ఎంతవుతుంది?

మా సందు మెకానిక్ లాంటివాళ్లని పిలిచి నాలుగు రోజులు నేర్పండి, ఫీజు తీసుకునే నేర్పండి. అతను వస్తాడు, అడిగాను. "సర్టిఫికెట్ ఇస్తారా అక్కా, ఫ్రేము కట్టించుకుంటా" అన్నాడు. మీకు సర్వీసు సెంటర్లు చాలడం లేదని మీకే తెలుసు. ఊరికొక సెంటరు పెట్టలేనివాళ్లు సందుకొకడు ఉన్న మెకానిక్‌ని శత్రువులా చూడటం ఏం వ్యాపారమో నాకు అర్థం కాదు. కొత్తగా పాల లైను ఎత్తుకున్న ముగ్గురు ఈ ఏడాది నన్ను సలహా అడిగారు. ఏం చెప్పానో తెలుసా? బండి బాగుంటుంది, కానీ ఇంట్లో ఒక ఎక్సెల్ ఉంచుకో అన్నాను.

నా మాట మీద నమ్మకం లేకపోతే మీ ఇంజనీరు ఎవరినైనా ఒక్క పూట పంపండి. మూడున్నరకి పైపులరోడ్డు దగ్గర వ్యాను ఆగే చోటే ఉంటాను. ఎనిమిది ట్రేలు కట్టి బండి ఆయన చేతికే ఇస్తాను, ఫ్లైఓవర్ దాకా నడపమనండి. బ్రేకు లివరు స్విచ్చు మళ్లీ కాస్త పట్టేస్తోంది, వానాకాలం కదా. 07 వస్తే ఏం చెయ్యాలో నేను చెబుతాను. హెల్మెట్ మాత్రం ఆయన్నే తెచ్చుకోమనండి, నా దగ్గర ఒకటే ఉంది.

ఇట్లు,
ఒక పాల ఏజెంటు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ